పసి మెదడుకు ఊపిరాడని వేళ

నెలలు నిండకముందే పుట్టిన పిల్లల వార్డులో రోజూ వాడే మందుల్లో కెఫీన్ ఒకటి. పొద్దున్నే కాఫీలో మనం తాగేదే. కిలో కూడా తూగని బిడ్డ ఊపిరి తీస్తూ తీస్తూ ఉన్నట్టుండి ఆపేస్తుంది. 20 సెకన్లు ఛాతీ కదలదు. మానిటర్ మీద ఆక్సిజన్ అంకె 90 నుంచి 70కి జారుతుంది, గుండె నెమ్మదిస్తుంది, పెదవులు నీలం తిరుగుతాయి. నర్సు వచ్చి అరికాలి మీద వేలితో తడితే బిడ్డ ఉలిక్కిపడి మళ్లీ ఊపిరి అందుకుంటుంది. రోజుకు ఇలా ఎన్నోసార్లు. మెదడులో శ్వాసను నడిపే కేంద్రం ఇంకా పక్వానికి రాకపోవడమే కారణం. కెఫీన్ ఆ కేంద్రాన్ని మేలుకొలుపుతుంది.

ఈ మందు పనిచేస్తుందని 1970ల నుంచే తెలుసు. అయినా వైద్యులకు ఒక గుబులు ఉండిపోయింది. అది ఊరికే వచ్చిన గుబులు కాదు. కణం తన పనులన్నిటికీ వాడుకునే శక్తి అణువు ఏటీపీ. ఆక్సిజన్ తగ్గినప్పుడు ఏటీపీ విరిగిపోతూ అడినోసిన్ పోగవుతుంది. ఈ అడినోసిన్ ఒకేసారి రెండు మేళ్లు చేస్తుంది. మెదడు రక్తనాళాలను వెడల్పు చేసి రక్తాన్ని ఎక్కువగా రప్పిస్తుంది. నాడీకణాల ఉరవడి తగ్గించి వాటి శక్తి వాడకాన్ని కుదిస్తుంది. కష్టకాలంలో మెదడు తనకు తాను చేసుకునే వైద్యం ఇదే. కెఫీన్ సరిగ్గా ఈ అడినోసిన్‌కే అడ్డుపడుతుంది. పెద్ద డోసులో ఇచ్చినప్పుడు మెదడుకు వెళ్లే రక్తప్రవాహం తగ్గుతుందని కొలతల్లోనూ తేలింది. పదేపదే ఆక్సిజన్ పడిపోయే పిల్లలకు, ఆక్సిజన్ పడిపోయినప్పుడు కాపాడే రసాయనాన్నే అడ్డుకునే మందు ఇవ్వవచ్చా?

కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన బార్బరా ష్మిట్ బృందం ఈ ప్రశ్నను తేల్చడానికి పూనుకుంది. పుట్టినప్పుడు 500 నుంచి 1250 గ్రాములున్న 2,006 మంది శిశువులను చీటీ వేసినట్టుగా రెండు జట్లు చేసి, ఒక జట్టుకు కెఫీన్, రెండో జట్టుకు ఉప్పునీటి మందు ఇచ్చారు. 2006లో మొదటి ఫలితాలు వచ్చాయి. కెఫీన్ అందిన పిల్లల్లో ఊపిరితిత్తుల దీర్ఘకాలిక జబ్బు నూటికి 47 నుంచి 36కు తగ్గింది. ఏడాదిన్నర దాటాక పరీక్షించినప్పుడు అసలు విషయం బయటపడింది. మెదడు దెబ్బతిని కాళ్లూ చేతులూ బిగుసుకుపోయే సెరిబ్రల్ పాల్సీ 7.3 శాతం నుంచి 4.4 శాతానికి పడిపోయింది. పిల్లలకు 11 ఏళ్లు వచ్చేదాకా వెంబడించి చూశారు. కదలికల విషయంలో మేలు అప్పటికీ నిలిచే ఉంది.

రక్తప్రవాహాన్ని తగ్గించే మందు మెదడును కాపాడిందన్నమాట.

ఇదే ష్మిట్ అంతకు కొన్నేళ్ల ముందు మరో మందును పరీక్షించారు. దాని పేరు ఇండోమెథసిన్. నొప్పి, వాపు తగ్గించే పాత మందుల కుటుంబానికి చెందినది. రక్తనాళాలను వెడల్పు చేసే ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఆపి, నెలలు నిండని పిల్లల్లో మూసుకోకుండా మిగిలిపోయిన గుండె దగ్గరి నాళాన్ని మూయిస్తుంది. దానితోపాటు మెదడు రక్తనాళాలను కూడా బిగిస్తుంది. సూది మందు వేగంగా ఎక్కిస్తే మెదడు రక్తప్రవాహం ఠక్కున పడిపోతుంది. అందుకే కనీసం అరగంట సేపు నెమ్మదిగా ఎక్కించడం అలవాటైంది. రక్తప్రవాహం తగ్గితే మెదడులో రక్తస్రావం కూడా తగ్గుతుందని ఆశపడ్డారు. 1,202 మంది పిల్లల మీద చేసిన ఆ పరీక్ష ఫలితాలు 2001లో వచ్చినప్పుడు ఆశ సగమే నెరవేరింది. తీవ్రమైన రక్తస్రావం 13 శాతం నుంచి 9 శాతానికి తగ్గింది. ఏడాదిన్నర వయసులో చూస్తే మాత్రం చనిపోయినవాళ్లూ వైకల్యం మిగిలినవాళ్లూ రెండు జట్లలో దాదాపు సమానం. స్కానింగ్‌లో కనిపించిన మేలు పిల్లల బతుకులోకి రాలేదు.

రెండు మందులూ మెదడుకు రక్తాన్ని తగ్గించేవే. ఒకటి మేలు చేసింది, రెండోది చివరికి అటూ ఇటూ కాకుండా పోయింది. కాబట్టి రక్తప్రవాహం అనే ఒక్క కొలతను చూసి మందు మంచిదో చెడ్డదో తేల్చడం కుదరదు. వచ్చే రక్తం ఎంత అన్నదానితోపాటు, కణాలు వాడుకునే శక్తి ఎంత, ఆక్సిజన్ లోటు ఎన్నిసార్లు, ఎంతసేపు అన్నవీ లెక్కలోకి రావాలి. కెఫీన్ చేసిన పని ఈ చివరి అంశంలో ఉండవచ్చు. ఊపిరి ఆగడమే తగ్గితే అడినోసిన్ అవసరమే తగ్గుతుంది. వెంటిలేటర్ కూడా తొందరగా తీసేయగలిగారు.

పసి మెదడు ఆక్సిజన్ కొరతను పెద్దల మెదడు కన్నా ఎక్కువసేపు తట్టుకుంటుందన్న సంగతి కొత్తది కాదు. గాలిపంపుతో ప్రయోగాలు చేసిన రాబర్ట్ బాయిల్ 1670లోనే, అప్పుడే పుట్టిన పిల్లికూనలు గాలి లేనిచోట పెద్ద జంతువుల కన్నా ఎక్కువసేపు బతకడం గమనించాడు. కారణం ఆ మెదడు పొదుపరితనం. నెలలు నిండని శిశువు మెదడులో 100 గ్రాములకు నిమిషానికి 10 నుంచి 20 మిల్లీలీటర్ల రక్తం ప్రవహిస్తే చాలు. పెద్దవాళ్ల మెదడుకు 50 దాకా కావాలి. చక్కెర సరిపోకపోతే లాక్టేట్‌నూ కీటోన్లనూ కూడా ఇంధనంగా వాడుకుంటుంది.

తట్టుకునే శక్తి ఉంది కానీ రక్షణ గోడ పలచన. ఆరోగ్యంగా ఉన్న మెదడులో రక్తపోటు కాస్త పెరిగినా తగ్గినా నాళాలు సర్దుకుని ప్రవాహాన్ని నిలకడగా ఉంచుతాయి. 1979లో డెన్మార్క్ వైద్యులు హాన్స్ లౌ, నీల్స్ లాసెన్, బెంట్ ఫ్రీస్ హాన్సెన్ పుట్టుకలో ఇబ్బందిపడ్డ శిశువుల్లో ఈ సర్దుబాటు తప్పిపోతుందని చూపించారు. రక్తపోటు పడితే మెదడు ప్రవాహమూ పడుతుంది, లేస్తే అదీ లేస్తుంది. అంటే అలాంటి బిడ్డకు రక్తపోటును కదిలించే ఏ మందు ఇచ్చినా అది నేరుగా మెదడు మీదే పనిచేస్తుంది.

దీన్ని వాళ్లు కొలిచిన తీరు చెప్పుకోదగ్గది. జినాన్ 133 అనే కొద్దిపాటి రేడియోధార్మిక వాయువును రక్తంలోకి పంపేవారు. తలకు ఆనించిన చిన్న గొట్టాల్లాంటి డిటెక్టర్లు ఆ వాయువు మెదడులోకి ఎంత చేరిందో, ఎంత వేగంగా కొట్టుకుపోయిందో నిమిషాల తరబడి లెక్కపెట్టేవి. తొందరగా కొట్టుకుపోతే ప్రవాహం బాగుందని అర్థం, నింపాదిగా పోతే తక్కువని. బొటనవేలంత చెయ్యి ఉన్న బిడ్డను కదపకుండా, ఉయ్యాలంత పెట్టె పక్కనే నిలబడి తీసిన గీతలవి. పసి మెదడు రక్తప్రవాహం గురించి ఇప్పుడు మనకున్న అంకెలు చాలావరకు కోపెన్‌హాగన్‌లో ఇలా పుట్టినవే.

అక్కడి బృందమే 1995లో మరో లెక్క బయటపెట్టింది. అది ఆక్సిజన్ గురించి. ఊపిరి అందని బిడ్డకు ఆక్సిజన్ ఎంత ఎక్కువ ఇస్తే అంత మంచిదని అందరూ నమ్మిన కాలం. ప్రసవ గదిలో 80 శాతం ఆక్సిజన్‌తో ఊపిరి మొదలుపెట్టిన నెలలు నిండని పిల్లలనూ, మామూలు గాలితో మొదలుపెట్టిన పిల్లలనూ రెండు గంటల తర్వాత కొలిచారు. 100 గ్రాములకు నిమిషానికి చూస్తే, ఎక్కువ ఆక్సిజన్ పొందినవాళ్ల మెదడు ప్రవాహం 12.3 మిల్లీలీటర్లు, మామూలు గాలి పొందినవాళ్లది 15.9. ఆక్సిజన్ మెదడు నాళాలను బిగించింది, ఇవ్వడం ఆపిన తర్వాత కూడా ఆ బిగింపు పోలేదు. ఆక్సిజన్ కూడా డోసు చూసి ఇవ్వాల్సిన మందేనని ఒప్పుకోవాల్సి వచ్చింది. ఈ మార్పులో భారతదేశం వెనకబడలేదు. ఢిల్లీ మౌలానా ఆజాద్ వైద్య కళాశాలలో సిద్ధార్థ్ రామ్‌జీ, నార్వేకు చెందిన ఓలా సాగ్‌స్టాడ్ కలిసి చేసిన పరీక్ష 1993లోనే అచ్చయింది. మామూలు గాలితో ఊపిరి పోసిన పిల్లలు స్వచ్ఛమైన ఆక్సిజన్ పొందిన పిల్లల కన్నా ఏమాత్రం తీసిపోలేదు. ఆ దారిలోనే మరిన్ని పరీక్షలు జరిగి, 2010 నాటికి నెలలు నిండిన బిడ్డకు బ్యాగు, మాస్కులతో మొదట మామూలు గాలే పెట్టాలన్న సూచన ప్రపంచమంతా వచ్చింది. సిలిండర్ లేని ఊరి ఆస్పత్రికి ఇంతకన్నా మంచి వార్త ఉండదు.

సోడియం బైకార్బొనేట్ కథ చిన్నది. రక్తంలో పేరుకున్న ఆమ్లాన్ని విరిచేస్తుందని దశాబ్దాల పాటు బొడ్డు నాళంలోంచి ఎక్కించారు. అది విడుదల చేసే కార్బన్ డయాక్సైడ్ మెదడు నాళాలను కుదుపుతుంది. చండీగఢ్ పీజీఐలో జరిగిన పరీక్షలో దానివల్ల లాభమేమీ కనిపించలేదు.

ఇప్పటిదాకా చెప్పింది ఎక్కువగా నెలలు నిండని పిల్లల సంగతి. నెలలు నిండి, కాన్పు కష్టమై, పుట్టగానే ఏడవని బిడ్డది ఇంకో తరహా ప్రమాదం. వాళ్లలో ఆక్సిజన్, రక్తం రెండూ ఒకేసారి తెగిపోతాయి. శక్తి చాలక నాడీకణాల్లో సోడియం పంపులు ఆగుతాయి, గ్లుటమేట్ అనే రసాయనం బయటికి పొంగి పక్క కణాలను అదేపనిగా రెచ్చగొడుతుంది, కాల్షియం లోపలికి వరదలా వస్తుంది. ఇక్కడ తొలి ఆలోచన సూటిగానే వచ్చింది. సరఫరా పెంచలేకపోతే వాడకం తగ్గిద్దాం. గ్యాస్ అయిపోవచ్చిందని తెలిస్తే పొయ్యి సిమ్‌లో పెట్టినట్టు. బార్బిట్యురేట్ మత్తుమందులు మెదడు శక్తి వాడకాన్ని బాగా తగ్గిస్తాయని అప్పటికే తెలుసు. 1986లో థయోపెంటాల్‌తో ప్రయత్నించారు. మెదడుకు మేలు కనిపించలేదు, ఎక్కువమంది పిల్లల్లో రక్తపోటు పడిపోయింది. సర్దుబాటు తప్పిన మెదడులో రక్తపోటు పడితే ఏమవుతుందో పైన చూశాం. వాడకం తగ్గించబోయి సరఫరాకే గండి కొట్టినట్టయింది.

అదే కుటుంబంలోని ఫినోబార్బిటోన్ మాత్రం ఇప్పటికీ వార్డుల్లో ఉంది. గార్డినాల్ అంటే చాలామంది తల్లిదండ్రులు గుర్తుపడతారు. ఊపిరాడక పుట్టిన పిల్లల్లో కొందరికి మొదటి రోజే ఫిట్స్ వస్తాయి. ఫిట్స్ వస్తున్న మెదడు భాగం శక్తిని విపరీతంగా తాగుతుంది కాబట్టి ఆపడం అవసరం. 2020లో వచ్చిన ఒక పరీక్షలో ఫినోబార్బిటోన్ నూటికి 80 మంది శిశువుల్లో ఫిట్స్‌ను ఒక రోజంతా ఆపింది. పెద్దల్లో బాగా వాడే లెవెటిరాసెటమ్ 28 మందిలోనే ఆపగలిగింది. ఇంకోవైపు ఎదిగే ఎలుక పిల్లల మెదడులో ఇదే ఫినోబార్బిటోన్ కణాలు తమంతట తాము చచ్చిపోయేలా చేస్తుందని బెర్లిన్ పరిశోధకులు 2002లో చూపించారు. అందుకే ఫిట్స్ రాకముందే ముందుజాగ్రత్తగా అందరికీ ఇచ్చే ఆలోచన పక్కకు పోయింది. వచ్చినవాళ్లకు ఇవ్వడం, తగ్గగానే తొందరగా ఆపడం నేటి పద్ధతి. ఇంటికి పంపేటప్పుడు నెలల తరబడి సరిపడా సీసాలు రాసివ్వడం ఇప్పటికీ అక్కడక్కడా కనిపిస్తుంది, అది మారాలి.

పసి మెదడును చిన్న సైజు పెద్ద మెదడుగా భావిస్తే ఎంత మోసపోతామో బ్యూమెటనైడ్ అనే మందు చెప్తుంది. పెద్దల మెదడులో గాబా అనే రసాయనం కణాలను శాంతపరుస్తుంది. పుట్టిన బిడ్డ నాడీకణాల్లో క్లోరైడ్ ఎక్కువగా ఉండటం వల్ల అదే గాబా వాటిని రెచ్చగొట్టగలదు. ఫినోబార్బిటోన్ పనిచేసేది గాబా ద్వారానే. క్లోరైడ్‌ను తగ్గించే బ్యూమెటనైడ్ తోడైతే ఫిట్స్ ఇంకా బాగా లొంగుతాయన్నది అందమైన తర్కం, ఎలుకల్లో నిజమైంది కూడా. యూరప్‌లో 14 మంది శిశువుల దగ్గరే పరీక్ష ఆపేశారు. ఫిట్స్ తగ్గలేదు. బతికిన 11 మందిలో ముగ్గురికి వినికిడి పోయింది.

వీటన్నిటికన్నా పెద్ద మలుపు ఒక కాలపు లెక్కతో వచ్చింది. 1980లలో లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఆస్మండ్ రేనాల్డ్స్ బృందం ఫాస్ఫరస్ స్పెక్ట్రోస్కోపీ అనే పద్ధతిలో, బిడ్డ తలను తెరవకుండానే మెదడులోని శక్తి అణువులను చూడగలిగింది. ఊపిరాడక పుట్టి, తేరుకున్న బిడ్డ మెదడులో మొదటి గంటల్లో శక్తి దాదాపు మామూలుగానే ఉంది. మరుసటి రోజు అదే బిడ్డలో అది కుప్పకూలింది. ఆక్సిజన్ అందుతోంది, రక్తపోటు బాగుంది, అయినా కణాలు లోపలినుంచి ఆరిపోతున్నాయి. దెబ్బ రెండు విడతల్లో పడుతుందన్నమాట. మధ్యలో దొరికే ఆరు గంటలే వైద్యుడి చేతికి చిక్కే సమయం.

ఆ వ్యవధిలో బిడ్డ ఒంటిని 33.5 డిగ్రీలకు చల్లబరిచి 72 గంటలు ఉంచితే మెదడు జీవక్రియ నెమ్మదించి రెండో విడత దెబ్బ తగ్గుతుంది. అమెరికాలో సీతా శంకరన్ నాయకత్వంలో 208 మంది శిశువులపై జరిగి 2005లో వెలువడిన పరీక్షలో, మరణం లేదా వైకల్యం 62 శాతం నుంచి 44 శాతానికి తగ్గింది. మందులతో సాధ్యంకాని వాడకం తగ్గింపు చలితో సాధ్యమైంది. ఒక మెలిక ఉంది. చల్లబడ్డ కాలేయం మందులను నెమ్మదిగా విరుస్తుంది కాబట్టి మార్ఫిన్ వంటివి ఒంట్లో పేరుకుపోతాయి. మామూలు డోసే ఎక్కువ డోసవుతుంది.

చల్లదనానికి మందు కలిపితే ఇంకా మేలు ఉంటుందని వేసిన అడుగులు ముందుకు పడలేదు. జినాన్ వాయువు, రేడియోధార్మికత లేని మామూలు రకం, గ్లుటమేట్ దారిని మూసే మంచి మత్తుమందు. పందిపిల్లల్లో చక్కగా పనిచేసింది. బ్రిటన్‌లో 92 మంది శిశువులపై ఫలితం శూన్యం. ఎర్ర రక్తకణాలను పెంచే హార్మోన్ ఎరిత్రోపొయెటిన్‌ను అమెరికాలో 500 మందిపై పరీక్షించారు. 2022లో వచ్చిన ఫలితం: మేలు లేదు, తీవ్రమైన దుష్ప్రభావాలు మాత్రం కొంచెం ఎక్కువ.

మన వైపు వచ్చేసరికి చల్లదనమే ప్రశ్నార్థకమైంది. హెలిక్స్ అనే పరీక్షను లండన్ ఇంపీరియల్ కాలేజీకి చెందిన సుధిన్ తయ్యిల్ నడిపించారు. భారత్, శ్రీలంక, బంగ్లాదేశ్‌లలోని 7 ఆస్పత్రుల్లో 408 మంది శిశువులు. బెంగళూరు, చెన్నై, ముంబయి ఆస్పత్రులు అందులో ఉన్నాయి. 2021లో వెలువడిన ఫలితం చాలామందిని కుదిపేసింది. మరణం లేదా వైకల్యం చల్లబరిచినవాళ్లలో 50 శాతం, చల్లబరచనివాళ్లలో 47 శాతం. మరణాలు మాత్రమే చూస్తే 42, 31. పరికరాలు మంచివే, శిక్షణ ఇచ్చారు, వెంటిలేటర్లున్నాయి. మరి తేడా ఎక్కడ? ఎంఆర్ఐ చిత్రాల్లో మెదడు లోపలి తెల్ల పదార్థం దెబ్బతినడం ఎక్కువగా కనిపించింది. కాన్పు చివరి నిమిషాల్లో ఒక్కసారిగా పడిన దెబ్బ కాకుండా, గంటల తరబడి కొద్దికొద్దిగా ఆక్సిజన్ తగ్గుతూ వచ్చిన దెబ్బ పోలిక అది. అలాంటి బిడ్డ పుట్టేసరికే ఆ ఆరు గంటల్లో చాలా భాగం గర్భంలోనే గడిచిపోయి ఉండవచ్చు. మన పెద్దాస్పత్రుల్లో చల్లబరచడం ఇంకా జరుగుతోంది, ఎవరికి చేయాలన్న వాదన కూడా నడుస్తోంది. ఆ వాదన జరగాల్సిందే.

అందువల్ల పసి మెదడు రక్తప్రవాహాన్ని మార్చే మందుల జాబితాలో, బిడ్డకు ఇవ్వని మందొకటి చేర్చుకోవాలి. అది తల్లికి ఎక్కించే ఆక్సిటోసిన్, మన ఊళ్లలో అనే నొప్పుల ఇంజెక్షన్. గర్భసంచి బిగుసుకున్న ప్రతిసారీ మాయకు వెళ్లే రక్తం తగ్గుతుంది; నొప్పికీ నొప్పికీ మధ్య సడలినప్పుడు బిడ్డ మళ్లీ ఆక్సిజన్ నింపుకుంటుంది. డోసు మీరితే ఆ సడలింపు దొరకదు. సరిగా వాడితే కాన్పును నడిపించే, తల్లి ప్రాణం కాపాడే మందే. కండరానికి సూదిగా పొడిచి కాన్పు తొందర చేయడం మాత్రం ప్రమాదం, ఎందుకంటే ఒకసారి లోపలికి పోయాక దాన్ని ఆపే దారి లేదు. డ్రిప్‌లో అయితే చక్రం తిప్పి చుక్కలు తగ్గించవచ్చు. పది నిమిషాల్లో ఐదుకన్నా ఎక్కువ నొప్పులు వస్తుంటే డ్రిప్ తగ్గించాలి లేదా ఆపాలి. బిడ్డ గుండె చప్పుడును నొప్పులు ఊపందుకున్నప్పటి నుంచి 15 నుంచి 30 నిమిషాలకోసారి, తల్లి ముక్కే దశలో 5 నిమిషాలకోసారి వినాలి. డ్రిప్ నడుస్తున్న తల్లి దగ్గర ఈ పనికి ఒక నర్సు విడిగా ఉండాలి, విన్న ప్రతి అంకె కాన్పు సాగే తీరును రాసే పార్టోగ్రాఫ్ కాగితం మీద పడాలి.